పిల్ల ఆకలి, తల్లి పథ్యం

నా భార్యను ఆకలితో చంపారు. అప్పుడు మా ఇంట్లో బియ్యం బస్తా నిండుగా ఉంది. గిన్నెలో పాలున్నాయి, బుట్టలో కూరగాయలున్నాయి. ఇది నా అనుమానం కాదు, జరిగిన సంగతి. దీని మీద వాదన పెట్టుకోవడానికి నాకు ఓపిక లేదు. ఎలా జరిగిందో మాత్రం చెబుతాను.

మేం తణుకులో ఉంటాం. నేను బస్సు కండక్టరును. ఊరి బడిలో పదో తరగతి దాకా చదివాను. నా భార్య పేరు సుభాషిణి. మాకు ఒక్కతే కూతురు, జోషిత. తొమ్మిదో ఏట జోషిత వాళ్ళమ్మంత బరువు ఉండేది.

బడిలో దాన్ని గ్యాస్ బండ అనేవారు. స్కూలు వ్యాను డ్రైవరు దాన్ని ఎప్పుడూ సీటు మధ్యలో కూర్చోబెట్టేవాడు. "కిటికీ పక్కన కూర్చుంటే బండి ఒరిగిపోద్ది పాపా" అనేవాడు. పిల్లలందరూ నవ్వేవారు. జోషిత కూడా నవ్వేది. ఇంటికొచ్చి తినేది.

ఆరేళ్ళు వచ్చేదాకా దాని వెంటపడి ముద్దలు పెట్టారు. వద్దన్నా పెట్టారు. పిల్ల బొద్దుగా ఉంటే ఇంటికి కళ అని మా అత్తగారు మహలక్ష్మమ్మ వచ్చినప్పుడల్లా సున్నుండలు మోసుకొచ్చేది. ఏడో ఏడు నుంచి అదే కంచం ముందు నుంచి లాక్కోవడం మొదలుపెట్టారు. నిన్న మెచ్చుకున్న పనికి ఈరోజు తిట్టడమేమిటో పిల్లకి ఎవరూ చెప్పలేదు.

మేం చేయనిది లేదు. ఫ్రిజ్‌కి తాళం వేశాం. నేను తెల్లవారుజామున డిపో చుట్టూ నడిపించాను. రొప్పుతూ నా వెనకాలే వచ్చేది. "ఇంటికెళ్ళాక ఏమైనా పెడతారా నాన్నా?" అని అడిగేది. బిస్కెట్ పొట్లాలు వాషింగ్ మెషీన్‌లో దొరికేవి. పంచదార డబ్బా మంచం కింద దొరికింది. ఆరోజు సుభాషిణి అప్పడాల కర్రతో కొట్టింది.

"ఆకలేసిందమ్మా."

"మూడు దోసెలు తిన్నావే ఇప్పుడే. ఆకలేంటే? నోటి కొవ్వు అది."

"నిజంగా ఆకలే అమ్మా."

"అబద్ధాలొకటి."

మా ఊరి పిల్లల డాక్టరు మమ్మల్ని విశాఖపట్నం పంపాడు. అక్కడ కొండవాలులో ఒక పరిశోధనశాల ఉంది. దాని పెద్ద డాక్టర్ మృణాళిని. సన్నగా, పొడుగ్గా, పిల్లల్ని బుగ్గ గిల్లకుండా పలకరించే మనిషి. ఆ మర్యాద చూసి సుభాషిణి ఆమెను నమ్మింది.

ఉదయం తల్లీకూతుళ్ళిద్దరికీ సమానంగా ఉప్మా పెట్టారు. తిన్నాక ఇద్దరి పొట్ట మీదా రూపాయి బిళ్ళంత పట్టీ ఒకటి అంటించారు. జోషితను వరండాలో ఆడుకోమని పంపారు. పక్కనే క్యాంటీను. గారెలు వేగుతున్న వాసన. డాక్టరు బల్ల మీద ఏదో మీట తిప్పింది.

సుభాషిణి కూర్చున్న స్టూలు అంచు గట్టిగా పట్టుకుంది.

"ఎలా ఉందమ్మా?"

"కడుపులో చెయ్యి పెట్టి పిండినట్టుందండి. మూడు రోజులై ముద్ద ముట్టనట్టుంది. నాకేంటండి ఇలా అయింది? ఇప్పుడేగా తిన్నాను."

"ఇది మీది కాదు. మీ పాపది. మీతోపాటు ఇప్పుడే తిని వెళ్ళిన పాపది."

సుభాషిణి వరండాలోకి తొంగి చూసింది. తర్వాత, "దానికి ఎప్పుడూ ఇలాగే ఉంటుందా అండి?" అంది.

"పుట్టినప్పటి నుంచీ ఉండొచ్చు. కొందరు పిల్లలకి కడుపు నిండినా ఆ కబురు సరిగ్గా అందదు. వాళ్ళు దొంగతిండి తినడం లేదమ్మా. ఆకలికి తింటున్నారు."

జోషితను లోపలికి పిలిచారు. సుభాషిణి దాన్ని ఒళ్ళోకి లాక్కుంది. అది ఒళ్ళో పట్టలేదు.

"ఇంత ఆకలా తల్లీ నీకు?"

"నేను చెప్తూనే ఉన్నాగా" అంది జోషిత. దానికి ఆ క్షణంలో ఆకలి లేదు. కిటికీలోంచి సముద్రం చూస్తోంది. గారెల వాసన పట్టించుకోలేదు.

డాక్టరు మీట దగ్గరికి చెయ్యి తీసుకెళ్ళింది. "ఆపేస్తాను" అంది.

"ఆపకండి" అంది సుభాషిణి. "నా దగ్గరే ఉంచెయ్యండి. మళ్ళీ దానికివ్వకండి."

నా భార్య ఆ గదిలోనే చనిపోవడం మొదలుపెట్టిందని ఇప్పుడు నాకు తెలుసు.

పైన అంటించేది పరీక్షకే. అసలుది చర్మం కింద పెట్టే బిళ్ళ. పిల్ల పక్కటెముకల కింద ఒకటి, తల్లికి ఒకటి. కడుపు నుంచి మెదడుకి వెళ్ళే నరం మీద పిల్ల బిళ్ళ కూర్చుంటుంది. మామూలు పిల్లకి ఉండాల్సినంత ఆకలి వదిలి, పైదంతా పట్టుకుని తల్లి బిళ్ళకి పంపుతుంది. సెల్‌ఫోను అందే చోట ఎక్కడున్నా పనిచేస్తుంది. ఏడాది ఉంచితే పిల్ల ఆకలి తనంతట తాను దారికొస్తుందన్నారు.

"ఆ ఆకలిని ఎవరికీ పంపకుండా తీసేయలేరా?" అని అడిగాను.

"ఎలకల్లో తీసేశాం. ఆకలి లేని ఎలకలు నీళ్ళు తాగడం కూడా మానేశాయి. ఎవరో ఒకరు మోస్తే తప్ప కుదరడం లేదు. మోసేవాళ్ళు తింటే చాలు, అణిగిపోతుంది. పెద్దవాళ్ళు కాస్త ఒళ్ళు చేస్తారేమో, అంతే."

"అయితే నాకు పెట్టండి."

"తల్లికైతే తేలిగ్గా కలుస్తుందండి." తర్వాత సుభాషిణి వైపు తిరిగి నవ్వింది. "మీకు అర్థమయ్యేలా చెప్పాలంటే, పాపకీ మీకూ బొడ్డుతాడు మళ్ళీ వేసినట్టన్నమాట."

మాకు అర్థం కావాలని చెప్పిన మాట అది. మాకు అర్థమైంది.

మొదటి నెల మా ఇంట్లో పండగలా ఉంది. జోషిత డబ్బాలో అన్నం మిగిల్చి తెచ్చింది. మిగిలిన అన్నం చూసి సుభాషిణి పక్కింటివాళ్ళను పిలిచి చూపించింది. పిల్ల ఖోఖోలో చేరింది. రెండో నెలకి వ్యాను డ్రైవరుతో తగువేసుకుని కిటికీ పక్క సీటు తీసుకుంది.

సుభాషిణికి పిల్ల రోజంతా కడుపులో తెలిసేది. నేను మధ్యాహ్నం ఫోను చేస్తే, "ఏవండీ, ఇప్పుడు మీ కూతురికి లెక్కల క్లాసు. కడుపు కాలిపోతోంది" అని నవ్వేది. ఆటల పీరియడ్‌లో తక్కువుండేదట. జోషిత ఇంటికి రాగానే వరస పెట్టి అడిగేది.

"అమ్మా, పొద్దున్న నాకు ఆకలేసిందా?"

"ఆయ్, వేసింది. నీకు పూరీలు కావాలనుంది."

"నాకే తెలీదే!"

"నీకెందుకు తెలుస్తుందే, కూలిమనిషిని పెట్టుకున్నావుగా."

ఇద్దరూ పడి పడి నవ్వేవారు. అవి మంచి రోజులే. కాదనను.

ఆ రోజుల్లోనే మా అత్తగారు పెరవలి నుంచి వచ్చి కొన్నాళ్ళుంది. ఆవిడ వెళ్ళాక వంటింట్లో ఎప్పుడూ వేయించిన వెల్లుల్లి, మిరియాల వాసన వచ్చేది. జలుబుకి కాబోలు అనుకున్నాను. నేను చీకటితో డ్యూటీకి వెళ్ళేవాణ్ణి. రాత్రి వచ్చేసరికి నా కంచం ఒక్కటే వడ్డించి ఉండేది. రోజంతా బస్సులో తిరిగేవాడు ఇంట్లో ఎవరి కంచంలో ఏముందో చూడలేడు. చూడాల్సినవాళ్ళు వేరే ఉన్నారు. అందుకే ఆ పరిశోధనశాల ముందు అంత పెద్ద బోర్డు ఉంది.

పరిశోధనశాలకి వెళ్ళిన ప్రతిసారీ జోషితను తూకం వేసి చప్పట్లు కొట్టేవారు. కంప్యూటరు తెర మీద రెండు గీతలుండేవి. పిల్లది పచ్చగీత, కిందికి పడుకుని ఉండేది. తల్లిది ఎర్రగీత. అది పైనే ఉండేది. తిన్నాక దిగాలి. దిగేది కాదు.

"బాగా తింటున్నారా అమ్మా?" అని అడిగేది డాక్టరు.

"తింటున్నానండి" అనేది సుభాషిణి. అబద్ధం చెప్పలేదు.

"మీ శరీరం ఇంకా అలవాటు పడుతోంది. ఓర్పు గల మనిషి మీరు. మీరూ కాస్త తగ్గారు, మంచిదే" అనేది డాక్టరు. ఆ ఎర్రగీత ఎందుకు దిగడం లేదని ఆ గదిలో ఇంకొక ప్రశ్న ఎవరూ వేయలేదు.

చీరకి కుచ్చిళ్ళు ఎక్కువ పడుతున్నాయి. నేనే అన్నాను.

"ఏంటి, ఇలా అయిపోతున్నావు?"

"పిల్లని చూడండి, నన్ను కాదు" అంది. "నిన్న మెట్లు పరిగెత్తుకుంటూ ఎక్కింది. చూశారా?"

ఏడో నెలలో ఒక గురువారం. నేను భీమవరం రూటులో ఉన్నాను. బడి నుంచి ఫోను. పక్కపిల్లల డబ్బాలు లాక్కుని తింటోందని, ఏడుస్తోందని, ఆపితే ఆగడం లేదని టీచరు చెప్పింది. జోషిత ఫోను లాక్కుంది. నోట్లో అన్నంతోనే మాట్లాడింది.

"నాన్నా, నాకు ఆకలేస్తోంది."

"తినమ్మా. ఇంటికొచ్చాక మాట్లాడదాం."

"అది కాదు నాన్నా. నాకు వేస్తోంది. మొత్తం నాకే వేస్తోంది. అమ్మ దగ్గరికెళ్ళు."

బస్సు ఆపించి దిగిపోయాను. పక్కింటివాళ్ళకి ఫోను చేశాను. నేను వెళ్ళేసరికి సుభాషిణిని వంటింట్లోంచి తెచ్చి హాల్లో పడుకోబెట్టారు. గుండె ఆగిందన్నారు. ఒంట్లో ఉండాల్సిన ఉప్పులు పడిపోయి ఆగిందని తర్వాత చెప్పారు. మోసే మనిషి లేకపోయేసరికి ఆకలి ఉన్నపళంగా సొంతదారుకి వచ్చేసింది. తల్లి పోయిన సంగతి నా కూతురికి అలా తెలిసింది. అప్పుడు దాని నోట్లో వేరేవాళ్ళ పులిహోర ఉంది.

దహనానికి ముందే పరిశోధనశాల బండి వచ్చింది. శవంలో బిళ్ళ ఉంటే మంటల్లో బ్యాటరీ పేలుతుందట. తలుపు వేసుకుని బిళ్ళ తీసి, స్టీలు పళ్ళెంలో పెట్టుకుని బయటికి తెచ్చారు. వాళ్ళది వాళ్ళు తీసుకున్నారు.

డాక్టర్ మృణాళిని కూడా వచ్చింది. పెరట్లో మా అత్తగారి పక్కన కుర్చీ వేశారు. మా అత్తగారు ఏడుస్తూ చెబుతోంది.

"ఒక్కరోజు తప్పలేదండి నా కూతురు. ఒక్కరోజు. ఎవరి పిల్లకి ఎవరు చేస్తారండి అలాగ?"

"ఏం తప్పలేదమ్మా?" అంది డాక్టరు.

"పథ్యమండి. బాలింత పథ్యం. తల్లి తిన్నదేగా బిడ్డకి చేరేది. ఒంటిపూట పాతబియ్యం అన్నం, వెల్లుల్లి కారం. రాత్రికి మిరియాల చారు. బాలింతకైతే నెయ్యి వెయ్యాలి, నేనే వద్దన్నాను. ఆ కొవ్వంతా పిల్లకే పడుతుంది కదా అని. పెరుగు లేదు, పప్పు లేదు. నీళ్ళు కూడా కొలిచి తాగేది."

డాక్టరు ముఖం తెల్లబోయింది. "ఎవరు చెప్పారమ్మా ఇలా చెయ్యమని?"

"ఎవరో చెప్పాలా అండి? బొడ్డుతాడు మళ్ళీ వేశామని మీరే అన్నారంటగా. చంటిబిడ్డకి విరేచనాలైతే మందు ఎవరు మింగుతారు? తల్లేగా. పిల్ల తగ్గాలంటే తల్లి నోరు కట్టుకోవద్దూ?"

"తినమని చెప్పాం కదమ్మా. ప్రతిసారీ అడిగాం, తింటున్నారా అని."

"తినలేదని ఎవరన్నారు? తింది. పథ్యం తింది."

ఇద్దరూ నా వైపు చూశారు. ఇద్దరికీ నేను న్యాయం చెప్పాలి కాబోలు. ఒకరు చదువుకుని కూడా ఏం తింటున్నావని అడగలేదు, ఒకరు అడగకుండా వడ్డించారు. నేను ఇద్దరికీ గేటు చూపించాను. కూతురి పదకొండో రోజని మా అత్తగారిని మళ్ళీ రానిచ్చాను. అది కూడా ఊరి కోసం.

ఆ పదకొండు రోజుల్లో జోషిత సరిగా తినలేదు. కడుపులో అంత మంట పెట్టుకుని మంచినీళ్ళు తాగి గోడకి తిరిగి పడుకునేది. బతిమాలాను, కసిరాను. భోజనాలనాడు విస్తరి ముందు కూర్చుని అడిగింది.

"ఇప్పుడు నా ఆకలి ఎవరికెళ్తోంది నాన్నా?"

"ఎవరికీ లేదు. నీ దగ్గరే ఉంది."

"బిళ్ళ ఉందిగా లోపల. ఎవరికో వెళ్తుంటే?"

మర్నాడే విశాఖపట్నం తీసుకెళ్ళాను. డాక్టరు అప్పటికే కొత్త బిళ్ళ సిద్ధంగా ఉంచింది. నాకోసం.

"మీరు మోయండి. మామూలు తిండి తింటే చాలు, ఏమీ కాదు. ఇంకో అయిదు నెలలు. ఇప్పుడు ఆపితే పాప మళ్ళీ మొదటికొస్తుంది. మీ భార్య పడ్డ కష్టమంతా వృథా అవుతుంది."

ఆమె చెప్పింది నిజమే. నాకు మోయడానికి అభ్యంతరం లేదు. చొక్కా గుండీలు విప్పాను కూడా. జోషిత వచ్చి నా చొక్కా అంచులు రెండూ కలిపి పట్టుకుంది.

"వద్దు. నాదీ తీసెయ్యండి" అంది డాక్టరుతో.

"నీ మంచికేనమ్మా. మళ్ళీ లావైపోతావు. అందరూ నవ్వుతారు."

"నవ్వుకోనివ్వండి."

తీసేశారు. ఆ బిళ్ళ చూపిస్తేగానీ ఇంటికి రానంది. నేను అరచేతిలో పెట్టి చూపించాను. తిరగేసి చూసింది. తర్వాత క్యాంటీనులో ఇడ్లీలు అడిగి తింది.

ఇంటికొచ్చాక దాని తిండి నా చేతికొచ్చింది. అన్నం, పప్పు, ఒక కూర నాకు వచ్చు.

"ఎంత తినాలి నాన్నా?"

"కడుపు చెప్పినంత."

"నా కడుపు అబద్ధం చెబుతుందంటగా."

"చెప్పనీ. నీ కడుపేగా."

కొన్నాళ్ళకి అదే నాకు ఒక విషయం చెప్పింది. "అమ్మ దగ్గర ఆకలి ఉన్నప్పుడు కూడా నాకు ఒక్కోసారి తినాలనిపించేది. బళ్ళో ఎవరైనా నవ్వినప్పుడు. అది ఆకలి కాదు కదా నాన్నా." కాదన్నాను. అప్పటి నుంచి ఏదైనా డబ్బా తెరిచే ముందు ఆగి ఆలోచిస్తుంది. కొన్నిసార్లు మూత పెట్టేస్తుంది. కొన్నిసార్లు తింటుంది. నేను ఏ డబ్బా దాచను. ఇన్ని పరికరాలు పెట్టి, ఇంతమంది కలిసి కనిపెట్టలేనిది పదేళ్ళ పిల్లకి తెలిసింది. దానికి దాని తల్లి ప్రాణం ఖర్చయింది.

బరువు పెరిగింది. మొదటంత కాదు, కానీ పెరిగింది.

ఆ బిళ్ళలు ఇప్పుడు చాలామంది పిల్లలకి పెడుతున్నారు. పనిచేస్తున్నాయట. తల్లులు శుభ్రంగా తింటున్నారట. పథ్యం చేయరాదని ముందే చెబుతున్నారట. పరిశోధనశాల వాళ్ళు సుభాషిణి ఫొటో గోడకి పెట్టుకుంటామని అడిగారు. ఇవ్వనన్నాను. నా మాటలు రికార్డు చేసుకుంటామన్నారు. ఆ నంబరు నుంచి వచ్చే ఫోను ఎత్తడం మానేశాను.

సంవత్సరీకం అయిన వారం తర్వాత మా అత్తగారు చెప్పకుండా వచ్చింది. జోషిత అన్నం తింటోంది. రెండోసారి పప్పు వేసుకుంది. మా అత్తగారు గుమ్మంలో చెప్పులు విప్పుతూనే దాని కంచం చూసింది. తర్వాత దాన్ని చూసింది.

"ఇదేంటి బాబూ, మళ్ళీ ఇలా చేసేశారు పిల్లని? నా కూతురు ప్రాణాలు పెట్టి తగ్గించింది. మీరు గరిటెలతో పోసి పెంచుతున్నారా? అది చచ్చింది ఎందుకు మరి?"

జోషిత చేతిలో ముద్ద నోటి దాకా వెళ్ళింది. కంచంలో పెట్టేసింది.

"చెప్పులేసుకోండి అత్తయ్యగారూ" అన్నాను.

"నేనేమన్నాను ఇప్పుడు?"

"వేసుకోండి."

"మనవరాల్ని చూసుకునే పాటి హక్కు కూడా లేదా నాకు?"

"లేదు."

ఆవిడ సంచీ నేనే పట్టుకుని రోడ్డు దాకా వచ్చాను. పెరవలి బస్సెక్కించాను. దారిలో ఏడ్చింది. నేను ఓదార్చలేదు. ఆవిడకి పోయింది కూతురే, ఆ సంగతి నాకు తెలుసు. తెలిసినా క్షమించే గుణం నాకు లేదు. ఇకముందు కూడా ఉండదు.

ఇంటికొచ్చేసరికి జోషిత అలాగే కూర్చుని ఉంది. చెయ్యి ఎండిపోయింది. అన్నం చల్లారిపోయింది.

"నాన్నా, అమ్మమ్మ అన్నది నిజమా?"

కంచం తీసుకెళ్ళి వేడి అన్నం వడ్డించాను. పప్పు వేశాను. తెచ్చి ముందు పెట్టాను.

"అమ్మ నావల్లే చనిపోయిందా?"

"కాదు."

"మరి ఎవరివల్ల?"

పేర్లు నాకు తెలుసు. నోటి చివర ఉన్నాయి. ఒక్కసారి అవి బయటికొస్తే, ఆ తర్వాత ఈ ఇంట్లో వండిన ప్రతి ముద్ద మీదా ఆ మాటే వడ్డించినట్టవుతుంది. పిల్ల కంచం దగ్గర కూర్చున్నప్పుడల్లా ఒక శవం ఎదురుగా కూర్చుంటుంది.

"తిను" అన్నాను.

"చెప్పవా?"

"చెప్పను."

"పెద్దయ్యాకైనా చెబుతావా?"

"ఎప్పటికీ చెప్పను."

చాలాసేపు నా ముఖం చూసింది. నేను తల తిప్పుకోలేదు. అప్పుడు పప్పు కలుపుకుంది. ఎంత తిందో నేను చూడలేదు. ఇక చూడను కూడా.

అడగడానికి మా గుమ్మం ఎక్కేవాళ్ళు ఉంటారని ఇది రాశాను. చదువుకుని బయటి నుంచి బయటికే వెళ్ళిపోండి. డాక్టరైనా, బంధువైనా, పేపరువాడైనా సరే. దీని గురించి నేను మళ్ళీ నోరు విప్పను.